బలహీన బంధాల మీద నడిచే జీవరసాయనం

జీవశాస్త్రాన్ని కాస్త లోతుగా చదివే ఏ తరగతిలోనైనా జీవరసాయనం అధ్యాయం ముందే వచ్చేస్తుంది. నీరు, కార్బన్, నాలుగు రకాల పెద్ద అణువులు, ఎంజైమ్‌లు. పునశ్చరణ అనగానే చాలామంది దీన్నంతా ఒక పట్టికలోకి దించుకుంటారు: కార్బోహైడ్రేట్‌కు మోనోమర్ (గొలుసు కట్టే చిన్న అణువు) ఏది, ప్రోటీన్‌లో ఉండే బంధం పేరేమిటి, కొవ్వు చేసే పనేమిటి. పట్టికలో తప్పేమీ లేదు. ఒక పేజీలో ఇముడుతుంది, బట్టీ పట్టడానికి వీలుగా ఉంటుంది. చిక్కల్లా ప్రశ్న కాస్త పక్కకు తిరిగినప్పుడే. పిండిపదార్థమూ సెల్యులోజూ రెండూ గ్లూకోజ్ గొలుసులే కదా, మొదటిది అరిగి రెండోది ఎందుకు అరగదు? వేడిచేస్తే ప్రోటీన్ పనిచేయడం మానేస్తుంది, మరి దానిలో ఎమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధాలు తెగినట్టేనా? ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి ఖర్చవుతుందని రసాయనశాస్త్రం చెబుతుంటే, కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువైన ఏటీపీలో బంధం తెగినప్పుడు శక్తి ఎలా విడుదలవుతుంది? ఇక్కడికి వచ్చేసరికి పట్టిక నీళ్లు నములుతుంది.

ఈ ప్రశ్నలను కలిపే దారం ఒకటుంది. అణువు ఏమిటన్నది బలమైన బంధాలు నిర్ణయిస్తాయి. అది ఏం చేస్తుందన్నది చాలావరకు బలహీన బంధాలు నిర్ణయిస్తాయి. పాఠ్యపుస్తకాలు మొదటి దానికి పేజీలకు పేజీలు కేటాయించి, రెండో దాన్ని నీటి గురించిన రెండు పేరాల్లో ముగించేస్తాయి. నా దృష్టిలో ఈ అధ్యాయం కొరుకుడు పడకపోవడానికి అసలు కారణం అదే.

ముందు బలం, బలహీనత అంటే ఎంతో చూద్దాం. రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఉన్న ఏకబంధాన్ని తెంచడానికి మోల్‌కు దాదాపు 350 కిలోజౌళ్లు కావాలి. నీటి అణువులో ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య ఉన్న సమయోజనీయ బంధానికైతే (ఎలక్ట్రాన్లను పంచుకోవడం వల్ల ఏర్పడే బంధానికి) సుమారు 460. అదే రెండు నీటి అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధానికి 20 చాలు. ఇక 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర అణువుల ఉష్ణ చలనాన్ని కొలిచే శక్తి మోల్‌కు 2.6 కిలోజౌళ్లు. అంటే హైడ్రోజన్ బంధం ఆ కుదుపుకు ఏడెనిమిది రెట్లు మాత్రమే. సమయోజనీయ బంధం వంద రెట్లకు పైమాటే. మొదటిది శరీర ఉష్ణోగ్రత దగ్గర క్షణక్షణం తెగి మళ్లీ కలుస్తూ ఉంటుంది. రెండోది ఎవరో వచ్చి పనిగట్టుకుని తెంచితే తప్ప తెగదు. వారసత్వ సమాచారం చెదరకుండా ఉండాలంటే రెండోది కావాలి. ఆ సమాచారాన్ని విప్పి చదవాలంటే మొదటిది కావాలి. ఒక్కో హైడ్రోజన్ బంధం గడ్డిపోచ లాంటిదే. వందలు కలిసి పేనుకుంటే మాత్రం మోకు.

నీరు: రెండు తీసివేతలు

పౌలింగ్ స్కేలు మీద ఋణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం) ఆక్సిజన్‌కు 3.44, హైడ్రోజన్‌కు 2.20, కార్బన్‌కు 2.55. ఆక్సిజన్ నుంచి హైడ్రోజన్‌ను తీసేస్తే 1.24. పంచుకున్న ఎలక్ట్రాన్లు ఎక్కువసేపు ఆక్సిజన్ దగ్గరే గడుపుతాయి కాబట్టి ఆ కొస కాస్త ఋణావేశంతో, హైడ్రోజన్ కొస కాస్త ధనావేశంతో ఉంటుంది. కార్బన్ నుంచి హైడ్రోజన్‌ను తీసేస్తే 0.35. అక్కడ పంపకం దాదాపు సమానం, చెప్పుకోదగ్గ ఆవేశం ఏ కొసనా ఉండదు. చక్కెర నీటిలో కరగడం, నూనె కరగకపోవడం, కణత్వచం నిలబడటం, ప్రోటీన్ ముడుచుకోవడం వరకు అన్నీ ఈ రెండు తీసివేతల నుంచే వస్తాయి.

నీటి అణువు 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉండటం కూడా ముఖ్యమే. తిన్నగా ఉంటే రెండు వైపుల లాగుడూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేవి, అణువు మొత్తానికి ధ్రువత్వం మిగిలేది కాదు. కార్బన్ డయాక్సైడ్‌లో జరిగేది అదే.

పరీక్షల్లో తరచూ కనిపించే పొరపాటు ఒకటి చెప్పాలి. నీరు మరిగినప్పుడు తెగేవి అణువుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు. అణువు లోపలి బంధాలు చెక్కుచెదరవు. ఆవిరి కూడా నీరే, హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువుల మిశ్రమం కాదు. ఈ హైడ్రోజన్ బంధాల బలం తెలియాలంటే ఆవర్తన పట్టికలో ఆక్సిజన్ కింద ఉన్న గంధకాన్ని చూడండి. హైడ్రోజన్ సల్ఫైడ్ అణువు నీటి అణువు కంటే బరువైనదే. అయినా మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. నీటికి 100 కావాలి. అధిక విశిష్టోష్ణం, చెమట ఆరితే ఒళ్లు చల్లబడటం, మంచు తేలడం, సన్నని నాళాల్లో నీరు పైకి పాకడం, ఇవన్నీ విడివిడిగా గుర్తుపెట్టుకోవాల్సిన లక్షణాలు కావు. ఒకే కారణానికి వేర్వేరు ముఖాలు.

వ్యతిరేక ఆవేశాలున్న అయాన్ల మధ్య ఏర్పడే అయానిక బంధం విషయంలో విద్యార్థులకు న్యాయంగానే ఒక సందేహం వస్తుంది. రసాయనశాస్త్రంలో దాన్ని బలమైన బంధమంటారు, జీవశాస్త్రంలో బలహీన బంధాల జాబితాలో వేస్తారు. రెండూ నిజమే. పొడి ఉప్పు స్ఫటికంలో అది బలమైనదే. నీటిలో వేస్తే ప్రతి అయాన్ చుట్టూ నీటి అణువులు మూగుతాయి, ఆవేశాల మధ్య ఆకర్షణ దాదాపు 80వ వంతుకు పడిపోతుంది. కణం లోపల జరిగే ప్రతిదీ నీటిలోనే జరుగుతుంది కాబట్టి జీవశాస్త్రం తన లెక్క తాను వేసుకుంది.

7.4 నుంచి 7.1కి

పీహెచ్ నిర్వచనం అందరికీ వస్తుంది: హైడ్రోజన్ అయాన్ల గాఢతకు ఋణ సంవర్గమానం. అర్థమయిందా లేదా అన్నది ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. రక్తం పీహెచ్ 7.35కూ 7.45కూ మధ్య ఉండాలి. అది 7.4 నుంచి 7.1కి దిగిందనుకుందాం. 0.3 ఏపాటి తేడా అనిపిస్తుంది. కానీ 7.4 దగ్గర హైడ్రోజన్ అయాన్ల గాఢత లీటరుకు 40 నానోమోళ్లు, 7.1 దగ్గర సుమారు 80. రెట్టింపు. 0.3 అన్నది 2కు సంవర్గమానం కాబట్టి ఇలా అవుతుంది. పీహెచ్ అంకెల్లో చిన్నదిగా కనిపించే జరుగుడు శరీరానికి పెద్ద విపత్తు.

విపత్తు ఎందుకు? ప్రోటీన్‌లోని కొన్ని ఎమైనో ఆమ్లాల పార్శ్వ సమూహాల మీద ఆవేశం ఉంటుంది. చుట్టూ హైడ్రోజన్ అయాన్లు పెరిగితే ఋణావేశం ఉన్న కార్బాక్సిల్ సమూహాలు వాటిని పట్టుకుని తటస్థం అవుతాయి, తటస్థంగా ఉన్న హిస్టిడిన్‌లు ధనావేశం తెచ్చుకుంటాయి. ఎదురెదురుగా ఆకర్షించుకుంటున్న ఆవేశాలు మారిపోతే ఆ ఆకర్షణ మీద నిలబడ్డ ఆకారమూ మారుతుంది. అంటే ఆమ్లం ప్రోటీన్‌ను ముక్కలు చేయనక్కర్లేదు, దాని బలహీన బంధాల లెక్క తప్పిస్తే చాలు. రక్తంలోని బైకార్బొనేట్ బఫర్ కాపలా కాసేది దీనికే. హైడ్రోజన్ అయాన్లు ఎక్కువైతే బైకార్బొనేట్ వాటిని పట్టుకుని కార్బానిక్ ఆమ్లంగా, చివరికి కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది, ఊపిరితిత్తులు దాన్ని బయటికి పంపుతాయి. బఫర్ పీహెచ్‌ను అసలు మారనివ్వదని రాయకండి. మార్పును తగ్గిస్తుంది, అంతే.

చక్కెరలు, కొవ్వులు

మోనోమర్లు కలిసి పాలిమర్ అనే పొడవాటి గొలుసు అయ్యే తీరు త్వరగా ముగించవచ్చు. ప్రతి కొత్త బంధానికీ ఒక నీటి అణువు బయటికి పోతుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండింటిలోనూ 12 చొప్పున హైడ్రోజన్లున్నా సుక్రోజ్‌లో 24 బదులు 22, ఆక్సిజన్లు 12 బదులు 11 ఉండటం అందుకే. 100 ఎమైనో ఆమ్లాల గొలుసుకు 99 నీటి అణువులు పోతాయి. తెంచాలంటే అన్ని నీటి అణువులూ తిరిగి చేరాలి, అదే జలవిశ్లేషణ. అయితే కణమంతా నీరే ఉన్నచోట నీటిని తీసేసి బంధం కట్టడం ఏటికి ఎదురీదడమే, దానికి శక్తి చెల్లించాలి. ఆ చెల్లింపు సంగతి చివర్లో వస్తుంది.

ఇప్పుడు పిండిపదార్థం, సెల్యులోజ్. వలయాకారంలోని గ్లూకోజ్‌లో ఒకటో కార్బన్ మీది హైడ్రాక్సిల్ సమూహం కిందికి ఉంటే ఆల్ఫా, పైకి ఉంటే బీటా. తేడా ఇంతే. కానీ ఆల్ఫా రూపాలు ఒకటో కార్బన్ నుంచి నాలుగో కార్బన్‌కు కలుస్తూ పోతే గొలుసు మెలి తిరుగుతుంది, నీరూ ఎంజైమూ చొరబడేంత వదులుగా ఉంటుంది. బీటా రూపాలు కలవాలంటే ఒకటి విడిచి ఒకటి తలకిందులు కావాలి. అప్పుడు గొలుసు సూటిగా సాగుతుంది. సూటి గొలుసులు పక్కపక్కన పడుకుని పొడుగునా హైడ్రోజన్ బంధాలు వేసుకుంటాయి, ఆ కట్టలోకి నీరు దూరలేదు. పైగా పిండిపదార్థాన్ని అరిగించే మన ఎంజైమ్ అమైలేజ్ ఆల్ఫా బంధం ఆకారానికి తగ్గట్టు ఉందే తప్ప బీటా బంధాన్ని పట్టుకోలేదు. గడ్డి తినే ఆవుకూ సెల్యులోజ్‌ను తెంచే సొంత ఎంజైమ్ లేదు. ఆ పని దాని పొట్టలోని సూక్ష్మజీవులది. గ్లూకోజ్ శక్తిని దాచుకుంటుందా, గోడ కడుతుందా అన్నది ఒక్క హైడ్రాక్సిల్ ఏ వైపు ఉందన్న దాని మీద తేలింది.

కొవ్వులనూ ఇదే కంటితో చూడవచ్చు. స్టియరిక్ ఆమ్లం, ఒలీయిక్ ఆమ్లం రెండింటిలోనూ 18 కార్బన్లే. ఒలీయిక్‌లో రెండు హైడ్రోజన్లు తక్కువ, వాటి స్థానంలో నడిమధ్యన ఒక ద్విబంధం. మొదటిది 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రెండోది 13 దగ్గరే. 56 డిగ్రీల తేడాకు కారణం ద్విబంధం బలం కాదు, అది సృష్టించే వంపు. తిన్నని తోకలు ఒద్దికగా ఒకదానికొకటి ఆనుకుంటాయి, పొడుగునా వాండర్‌వాల్ ఆకర్షణలు (బాగా దగ్గరున్న అణువుల మధ్య పనిచేసే బలహీన ఆకర్షణలు) పోగవుతాయి. వంగిన తోకలకు ఆ వీలు లేదు. దీనికి రుజువు ట్రాన్స్ కొవ్వు: ద్విబంధం అలాగే ఉండి వంపు మాత్రం పోయిన ఎలాయిడిక్ ఆమ్లం 45 డిగ్రీల దాకా గట్టిగానే ఉంటుంది.

ఇంకో మాట. నూనె అణువులు నీటిని వికర్షిస్తాయని, ఒకదానికొకటి బంధాలు వేసుకుంటాయని రాయడం అలవాటైపోయింది. జరిగేది అది కాదు. నూనె అణువుతో హైడ్రోజన్ బంధం కుదరని నీటి అణువులు దాని చుట్టూ ఒక క్రమంలో సర్దుకోవాల్సి వస్తుంది, వాటి స్వేచ్ఛ తగ్గుతుంది. నూనె చుక్కలన్నీ ఒక్కచోట చేరితే నీటికి తగిలే ఉపరితలం తగ్గి, ఆ అణువులు విడుదలవుతాయి. నూనెను కూడగట్టేది నీటి ఎంట్రోపీ, అంటే దాని అణువులకు దక్కే స్వేచ్ఛ. కణత్వచాన్ని కట్టే కొవ్వు అణువులైన ఫాస్ఫోలిపిడ్‌ల తలలు నీటివైపు, తోకలు లోపలికి తిరిగి రెండు పొరలుగా ఏర్పడటానికి ఎంజైమ్ అక్కర్లేదు, ఏటీపీ అక్కర్లేదు. పొరలోని అణువుల మధ్య సమయోజనీయ బంధం ఒక్కటీ లేదు. కణత్వచం చిరిగినా అతుక్కోవడం, పక్కలకు జారడం, ఒకదానితో ఒకటి కలిసిపోవడం అందుకే సాధ్యం.

డీఎన్‌ఏ లాంటి కేంద్రకామ్లాల దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు, బలమైనవీ బలహీనమైనవీ ఎలా పని పంచుకుంటాయో అక్కడ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పోగు పొడుగునా ఫాస్ఫేట్, చక్కెరల సమయోజనీయ బంధాలు. రెండు పోగుల మధ్య అడెనిన్, థైమిన్‌లకు రెండు, గ్వానిన్, సైటోసిన్‌లకు మూడు హైడ్రోజన్ బంధాలు. ప్రయోగశాలలో డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్ యంత్రం 95 డిగ్రీలకు వేడిచేస్తే పోగులు విడిపోతాయి, పోగులోని అక్షరాల వరుస మాత్రం చెదరదు.

ప్రోటీన్: ఎవరు ఎవరికి దారి చూపుతారు

ప్రోటీన్ నిర్మాణంలో నాలుగు స్థాయులను వర్ణించమంటే అందరూ వర్ణిస్తారు. ఏ స్థాయిని ఏ బంధం నిలబెడుతుందో అడిగితే గందరగోళం మొదలవుతుంది. ప్రాథమిక నిర్మాణానికి పెప్టైడ్ బంధాలు. ద్వితీయ నిర్మాణానికి హైడ్రోజన్ బంధాలే, అవీ వెన్నెముకలాంటి ప్రధాన గొలుసులోని సమూహాల మధ్య మాత్రమే. ఆల్ఫా హెలిక్స్‌లో ప్రతి ఎమైనో ఆమ్లం తన నుంచి నాలుగో దానితో కలుస్తుంది. పార్శ్వ సమూహాలు రంగంలోకి దిగేది తృతీయ స్థాయిలో. జలవిముఖమైనవి లోపలికి దాక్కుంటాయి, ఆవేశాలు జత కడతాయి, గంధకమున్న సిస్టీన్లు డైసల్ఫైడ్ వంతెనలు వేసుకుంటాయి. ఒకటికి మించిన గొలుసులు కలిస్తే చతుర్థ నిర్మాణం.

ఇందులో డైసల్ఫైడ్ ఒక్కటే సమయోజనీయ బంధం కనుక ఆకారాన్ని నిర్ణయించేది అదేనని అనిపించడం సహజం. క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్ ప్రయోగం ఆ ఊహను తలకిందులు చేసింది. ఆయన తీసుకున్న రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌లో 124 ఎమైనో ఆమ్లాలు, 8 సిస్టీన్ల మధ్య 4 డైసల్ఫైడ్ వంతెనలు ఉన్నాయి. యూరియాతో బలహీన బంధాలను, మెర్కాప్టోఇథనాల్‌తో వంతెనలను తెంచాడు. ఎంజైమ్ చచ్చుబడింది. రెండింటినీ తొలగించి గాలి తగలనిస్తే అది తనంత తానే ముడుచుకుని దాదాపు పూర్తి శక్తితో పనిచేయడం మొదలుపెట్టింది. ఆకారానికి కావలసిన సమాచారమంతా ఎమైనో ఆమ్లాల వరుసలోనే ఉందని పుస్తకాలు ఇక్కడ ఆపేస్తాయి.

అసలు మలుపు ఆ తరువాతి భాగంలో ఉంది. యూరియాను అలాగే ఉంచి వంతెనలను మాత్రం ఏర్పడనిచ్చినప్పుడు ఎంజైమ్‌కు 1 శాతం శక్తే తిరిగొచ్చింది. 8 సిస్టీన్లు జతలు కట్టడానికి 105 మార్గాలున్నాయి, సరైనది ఒక్కటే. దారి చూపే బలహీన బంధాలు లేకపోతే బలమైన బంధాలు గుడ్డిగా జత కట్టాయి. ఆ తప్పుడు మిశ్రమంలోంచి యూరియాను తీసేసి, కాస్త మెర్కాప్టోఇథనాల్ కలిపితే వంతెనలు విడిపోతూ కలుస్తూ చివరికి సరైన జతలకు చేరాయి. ఆన్‌ఫిన్‌సెన్‌కు 1972 రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. వేడికి చెడిన ప్రోటీన్‌లో పెప్టైడ్ బంధాలు తెగాయా అని మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది: తెగలేదు. వరుస అలాగే ఉంది, ఆకారం పోయింది.

ఒక్క పార్శ్వ సమూహం మారితే ఏమవుతుందో సికిల్ సెల్ వ్యాధి చూపిస్తుంది. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 146 ఎమైనో ఆమ్లాలుంటాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ వచ్చి కూర్చోవడమే ఈ వ్యాధికి మూలమని 1950ల్లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. గ్లుటామిక్ ఆమ్లానికి ఋణావేశం ఉంది, నీటితో దానికి పొత్తు. వాలిన్‌కు ఆవేశం లేదు, జలవిముఖం. ఆక్సిజన్‌ను వదిలేసిన హిమోగ్లోబిన్‌లో ఈ వాలిన్ పక్క అణువు మీదున్న జలవిముఖ గుంటలో సరిగ్గా ఇముడుతుంది. దాని పక్కన మరొకటి, దాని పక్కన ఇంకొకటి. అణువులు పోగులుగా పేరుకుని ఎర్ర రక్తకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. ఎక్కడా కొత్త సమయోజనీయ బంధం ఏర్పడలేదు. ఆక్సిజన్ అందగానే పోగులు విడిపోయేదీ అందుకే.

ఎంజైమ్, ఏటీపీ

ఎంజైమ్ చర్యకు శక్తినివ్వదు, సమతాస్థితిని మార్చదు. ఉత్తేజన శక్తిని (చర్య మొదలవడానికి దాటాల్సిన శక్తి గట్టును) తగ్గించి, ఎటూ జరగాల్సిన దాన్ని త్వరగా జరిపిస్తుంది. ఎంత త్వరగా అంటే, కార్బన్ డయాక్సైడ్‌ను నీటితో కలిపే కార్బానిక్ అన్‌హైడ్రేజ్ సెకనుకు దాదాపు 10 లక్షల అణువులను మారుస్తుంది. తాళం, తాళంచెవి పోలిక 1894లో ఎమిల్ ఫిషర్ చెప్పింది; పరీక్షకు పనికొస్తుంది కానీ తప్పుదారి పట్టిస్తుంది. అధస్థ పదార్థం (ఎంజైమ్ పట్టుకుని మార్చే అణువు) ఎంజైమ్‌లో మరీ హాయిగా ఒదిగిపోతే అక్కడే ఉండిపోతుంది. ఎంజైమ్ క్రియాశీల స్థానం గట్టిగా పట్టుకునేది సగం తెగి, సగం కలిసిన మధ్యస్థ స్థితిని. అక్కడ కుదిరే బలహీన బంధాల శక్తే ఉత్తేజన శక్తిని తగ్గించే పెట్టుబడి. ఉష్ణోగ్రత గ్రాఫ్ ఎడమవైపు నెమ్మదిగా ఎక్కి, కుడివైపు నిట్టనిలువునా పడటానికి కారణమూ ఇదే కోవలోది: ఎక్కడం ఢీకొనడాలు పెరగడం వల్ల, పడటం బలహీన బంధాలు మూకుమ్మడిగా ఊడిపోవడం వల్ల.

ఇక ఏటీపీ. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా దీన్ని కండరాల నుంచి వేరుచేశారు. దీనిలోని ఫాస్ఫేట్ బంధంలో శక్తి నిలవ ఉంటుందని, తెగితే బయటికొస్తుందని చెప్పడం వాడుకైంది. ఏ బంధమూ తెగి శక్తినివ్వదు. ఏటీపీ జలవిశ్లేషణలో ఒక బంధం తెగడానికి శక్తి ఖర్చవుతుంది. కొత్త బంధాలు ఏర్పడి, ఉత్పన్నాలు స్థిరపడటంతో అంతకంటే ఎక్కువ తిరిగొస్తుంది. పక్కపక్కన ఇరుక్కున్న నాలుగు ఋణావేశాలు దూరమవుతాయి, విడిపడ్డ ఫాస్ఫేట్‌లో ఎలక్ట్రాన్లు విస్తరించుకుంటాయి, నీరు వాటిని ఇంకా బాగా చుట్టుకుంటుంది. నికరంగా ప్రమాణ పరిస్థితుల్లో మోల్‌కు 30.5 కిలోజౌళ్లు మిగులు.

ఊరికే నీటితో కలిస్తే ఆ మిగులు వేడిగా పోతుంది. కణానికి అది పనికిరాదు. గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించడానికి 13.8 కిలోజౌళ్లు కావాలి. హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ రెండు చర్యలనూ ఒకటిగా కలిపి, ఏటీపీ ఫాస్ఫేట్‌ను నేరుగా గ్లూకోజ్ ఆరో కార్బన్ మీది హైడ్రాక్సిల్‌కు అందిస్తుంది. 30.5 లోంచి 13.8 పోగా ఇంకా 16.7 మిగులుతుంది కాబట్టి చర్య ముందుకే సాగుతుంది. ఒక్క ప్రమాదం ఉంది: హైడ్రాక్సిల్ నీటిలోనూ ఉంది, నీరు చుట్టూ అపారంగా ఉంది. గ్లూకోజ్ బదులు అదే వచ్చి ఫాస్ఫేట్‌ను ఎగరేసుకుపోవచ్చు. అందుకే గ్లూకోజ్ వచ్చి కూర్చోగానే హెక్సోకైనేజ్ రెండు భాగాలూ దగ్గరకు జరిగి దాని మీద మూసుకుంటాయి, క్రియాశీల స్థానంలోంచి నీటిని నెట్టేస్తాయి. డేనియల్ కోష్లాండ్ 1958లో ప్రతిపాదించిన ప్రేరిత ఒదుగుడుకు పుస్తకాలు ఈ ఎంజైమ్‌నే ఉదాహరణగా ఇస్తాయి, ఆ మూసుకోవడం దేనికో చాలాసార్లు చెప్పవు. గ్లూకోజ్‌తో కుదిరిన కొన్ని హైడ్రోజన్ బంధాలు ఆ కదలికకు సరిపోతాయి. నీటి అణువు ఒంటరిగా వస్తే అన్ని బంధాలు కుదరవు, ఎంజైమ్ సరిగ్గా మూసుకోదు, ఏటీపీ దాదాపు భద్రంగానే ఉంటుంది.